ఈ గడి ఎందుకు?
సరదాకి వెబ్ ఫారాలు నేర్చుకున్న మా ఆరుగురి అనుభవం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ నివేదికలో ముందు పేజీల్లోనే ఉన్నాయి. మేం చెప్పబోయేది వేరే సంగతి. మా ఆరుగురం సరదాకి ఒక పని నేర్చుకున్నాం. ఆ పనిలో ఒక తప్పు చేశాం. ఆ తప్పు గురించి మీ అందరి ముందూ చెప్పాలనే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాం.

ఎలా మొదలైంది

మా ఆరుగురం ఆరు వేరు వేరు సంఘాల వాళ్ళం. ఇద్దరం పుస్తకాలు రాసేవాళ్ళం, ఒకామె టైలరు, ఒకామెకు పాడి ఉంది, ఇద్దరం పిండివంటలు చేసి అమ్ముతాం. చదువు ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా. ఆదివారం మధ్యాహ్నం వంట, అంట్లు అయిపోయాక సమాఖ్య ఆఫీసులో కూర్చునేవాళ్ళం. అక్కడ మూల పడి ఉన్న పాత కంప్యూటరు ఉంది కదా, దాని మీద పడ్డాం. మాలో ఒకామె కూతురు డిగ్రీలో కంప్యూటర్లు చదువుతోంది. సెలవులకు వచ్చి నాలుగు లైన్లు టైపు చేసి చూపించింది. "ఇదే హెచ్‌టీఎంఎల్ పిన్నీ, మీరు ఫోన్లో చూసే ప్రతి పేజీకీ అడుగున ఉండేది ఇదే" అంది.

మమ్మల్ని ఎవరూ నేర్చుకోమనలేదు. సర్టిఫికెట్ లేదు, టీఏ లేదు, డీఏ లేదు. "ఈ వయసులో మీకెందుకే" అన్నవాళ్ళు ఉన్నారు. ముగ్గు వేయడం ఎందుకు నేర్చుకున్నాం? అలాగే ఇదీ. చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోతే ఏదో ఒకటి వస్తుంది, చూసుకుంటే సంతోషంగా ఉంటుంది.

వెబ్ అనే దాన్ని టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన స్విట్జర్లాండులోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో పని చేస్తూ ఆలోచించాడు. 1989లో ప్రతిపాదన రాసి ఇచ్చాడు. ముందు వచ్చినవి చదువుకునే పేజీలే. మనం గడుల్లో రాసి పంపే ఫారాలు 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో చేరాయి. తేదీ గడి, ఈమెయిల్ గడి, 'ఇది తప్పనిసరి' అని చెప్పే గుర్తు, ఇవన్నీ 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5తో వచ్చాయి. ఆ తర్వాత కూడా కొత్తవి వస్తూనే ఉన్నాయి.

ఫారం అంటే మనకు కొత్తేం కాదు. ఖాతా తెరవడానికి ఫారం, లోనుకు ఫారం, బీమాకు ఫారం, శిక్షణకు ఫారం. ముప్పై ఏళ్ళుగా పూర్తి చేస్తూనే ఉన్నాం. మొదట్లో వేలిముద్ర, తర్వాత సంతకం. కానీ ఫారం తయారు చేయడం మాత్రం మాకు మొదటిసారి.

మొదటి ఫారం: పిండివంటల ఆర్డరు

సంక్రాంతికి ముందు అరిసెలు, జంతికలు, సున్నుండల ఆర్డర్లు తీసుకోవడానికి ఒక పేజీ చేద్దాం అనుకున్నాం. ఫారం అనే ట్యాగు పొలం చుట్టూ వేసే గట్టు లాంటిది. లోపల ఒక్కొక్క గడీ ఒక్కొక్క మడి. పంపు అనే బటన్ నొక్కితే మడుల్లో ఉన్నదంతా మూటగట్టి అవతలికి పంపుతుంది.

మొదటి ఆదివారమే మూడు దెబ్బలు తగిలాయి. ఒకటి, తెలుగులో రాసినదంతా ప్రశ్నార్థకాలు అయిపోయింది. ఆ పాత కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ ఫైలు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలట. పేజీ పైన కూడా అదే మాట చెప్పాలట. రెండోది, ఫోన్ నంబరు గడికి నేమ్ రాయడం మరిచిపోయాం. నేమ్ లేని గడిలో ఎవరు ఏం రాసినా మూటలో చేరదు. రెండు కిలోల అరిసెలు ఎవరికో కావాలని తెలిసింది కానీ, ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. మూడోది, పంపు నొక్కాక పేరు, ఊరు అన్నీ పైన అడ్రసు బారులో కనిపించాయి. ఫారానికి మెథడ్ ఏమిటో చెప్పకపోతే అది గెట్ అనుకుంటుంది. రాసినదంతా అడ్రసుకు తగిలించి పంపుతుంది, ఆ ఫోన్ ఎవరు చేతిలోకి తీసుకున్నా చూడొచ్చు. పోస్ట్ అని రాస్తే అలా అడ్రసులో కనిపించదు. ఆ రోజే ఒక మాట అనుకున్నాం: మా ఫారాల్లో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అడగకూడదు. దాచడం చేతకానిది అడగకూడదు. అవతల వైపు మూట అందుకుని జాబితాగా పెట్టే పని మాత్రం ఆ అమ్మాయే చేసిపెట్టింది, అది మాకు ఇంకా రాదు.

తర్వాత తూకం సంగతి. ఎంత కావాలి అనే గడికి టైప్ నంబర్ అని పెట్టాం. ఒకావిడ ఒకటిన్నర కిలో జంతికలు కావాలని 1.5 కొడితే ఒప్పుకోలేదు. ఒకటి గానీ రెండు గానీ రాయమంది. మేం ఏమీ చెప్పకపోతే ఆ గడి ఒక్కొక్కటిగానే లెక్కపెడుతుందట. దానికి స్టెప్ అని ఒక మాట ఉంది. స్టెప్ 0.25 అని, మిన్ కూడా 0.25 అని పెట్టాం. పావు కిలో నుంచి మొదలు, పావు చొప్పున పెంచుకోవచ్చు. ఆ రోజు మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. తక్కెడ మేమే చేసుకున్నట్టు అనిపించింది.

అంకెల గురించి ఇంకో మాట. అంకెలతో ఉన్నదల్లా నంబర్ గడిలో పెట్టకూడదు. కిలోలు కూడుకుంటాం, రూపాయలు కూడుకుంటాం. రెండు ఫోన్ నంబర్లు కూడుకుంటామా? ఫోన్ నంబరు, ఖాతా నంబరు, పిన్ కోడ్ అన్నవి చూడ్డానికి అంకెలే గానీ నిజానికి అవి పేర్లు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరును కంప్యూటరు లెక్కల పట్టీలో అంకెగా వేస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. పుస్తకాలు రాసే మా ఇద్దరికీ ఈ సంగతి ముందే తెలుసు, ఎందుకో మాత్రం అప్పుడే తెలిసింది. అలాంటి వాటికి మామూలు అక్షరాల గడి పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని రాస్తే చాలు, ఫోన్లో అంకెల కీబోర్డు వస్తుంది. ఫోన్ నంబరుకైతే టైప్ టెల్ అని ఉంది.

అక్కడా ఒకసారి బోల్తా పడ్డాం. పది అంకెలే కదా అని మ్యాక్స్‌లెంగ్త్ 10 పెట్టాం. హైదరాబాదులో ఉన్న ఒక అమ్మాయి తన నంబరును ముందు ప్లస్ 91తో సహా కాపీ చేసి అతికించింది. పది దాటినవన్నీ చప్పుడు కాకుండా కత్తిరించేసింది. చివరి అంకెలు పోయాయి. ఆమె తప్పు ఏముంది? తప్పుంటే చెప్పే ఫారం మేలు, చెప్పకుండా కోసేసే ఫారం కీడు.

గడి ఒప్పుకోని మనుషులు

ఇక్కడి నుంచి మా సరదా కాస్త మారింది. పేరు గడికి ఒక పాఠంలో చూసిన ప్యాటర్న్ అలాగే పెట్టాం. ఇంగ్లీషు అక్షరాలు ఎ నుంచి జెడ్ దాకా ఉంటేనే సరైన పేరు అని దాని అర్థం. మాలో ఒకామె తన పేరు తెలుగులో రాసింది. తప్పు అంది. మళ్ళీ రాసింది. మళ్ళీ తప్పు అంది. "నా పేరు నాకు రాదా ఏంటి?" అంది ఆమె. అందరం నవ్వాం గానీ, తర్వాత ఎవరం నవ్వలేదు. మన పేరు మన భాషలో రాస్తే తప్పు అనే ఫారాన్ని మన చేత్తో మనమే చేశాం. ప్యాటర్న్ తీసేశాం. పేరు ఎలా ఉండాలో చెప్పడానికి మనం ఎవరం?

పుట్టిన తేదీ గడి ఇంకోటి. టైప్ డేట్ అని పెడితే ఫోన్లో చక్కగా క్యాలెండరు తెరుచుకుంటుంది. వాయిదా తేదీ, మీటింగు తేదీ ఎంచుకోవడానికి అది బాగుంది. కానీ ఆ క్యాలెండరు తెరిస్తే ఈ నెలే కనిపిస్తుంది. అక్కడి నుంచి అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలంటే దారి తెలిసినవాళ్ళకే సాధ్యం. మన దివిసీమలో పెద్దవాళ్ళను వయసు అడిగితే ఏమంటారు? "ఉప్పెన నాటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు" అంటారు. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఆ తేదీ అందరికీ తెలుసు, తమ పుట్టినరోజు తెలియదు. అందుకని పుట్టిన తేదీ తీసేసి, వయసు సుమారుగా ఎంత అని ఒక గడి పెట్టాం. మాకు కావాల్సింది కూడా అంతే.

చూపు సరిగా లేని మన చెల్లెలు ఒకామె ఫోన్ తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడుతుంది. మా ఫారం ఆమెకిచ్చి చూడమన్నాం. గడిలో లేత రంగులో 'మీ ఊరు' అని రాసి అదే చాలనుకున్నాం. ప్లేస్‌హోల్డర్ అంటారు దాన్ని. నాలుగు అక్షరాలు కొట్టగానే అది మాయమవుతుంది. ఆమె వెనక్కి వచ్చి సరిచూసుకుందామంటే ఏ గడి దేనిదో తెలియలేదు. దానికి లేబుల్ అనే ట్యాగు ఉంది. గడికి ఒక ఐడీ ఇచ్చి, లేబుల్లో ఫార్ అని అదే ఐడీ రాస్తే రెండూ కలిసిపోతాయి. గడి దగ్గరికి రాగానే ఫోన్ ఆ పేరు చదువుతుంది. చూపున్నవాళ్ళకూ లాభమే. చిన్న టిక్కు గడి మీద వేలు సరిగ్గా పడకపోయినా, పక్కనున్న మాట మీద నొక్కితే టిక్కు పడుతుంది. ఆమె కోసం చేసింది అందరికీ పనికొచ్చింది.

కొత్తగా వచ్చినవాటిలో మాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి డీటెయిల్స్, సమ్మరీ. షరతులన్నీ పొడుగ్గా పరిచేయకుండా మడతపెట్టి ఉంచొచ్చు, కావాలన్నవాళ్ళు నొక్కితే తెరుచుకుంటుంది. రెండోది డైలాగ్. పంపే ముందు "మీరు రాసింది ఇదీ, సరేనా?" అని చిన్న పెట్టె వచ్చి అడుగుతుంది. అది 2022 నుంచి పేరున్న బ్రౌజర్లన్నింటిలో పనిచేస్తోంది. తెరవడానికి మేం ఒక్క లైను జావాస్క్రిప్ట్ రాసుకున్నాం. మీటింగులో తీర్మానం రాశాక ఒకసారి చదివి వినిపించి సంతకాలు తీసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. పాత ఫోన్ల సంగతి ఏంటి అని మీరు అడగొచ్చు. హెచ్‌టీఎంఎల్లో మంచి గుణం ఒకటుంది. తేదీ గడి అంటే తెలియని పాత బ్రౌజరు కూడా పేజీని తోసెయ్యదు, దాన్ని మామూలు గడిగా చూపించి పని కానిస్తుంది. తెలియని మాట వింటే పోట్లాడదు, తెలిసినంతలో సర్దుకుంటుంది.

మేం చేసిన తప్పు

ఇప్పుడు అసలు సంగతి. మగ్గం వర్కు శిక్షణకు పేర్లు తీసుకోవాల్సి వచ్చినప్పుడు, "మీకు వచ్చు కదా, మీరే ఫారం చేయండి" అని సమాఖ్య మాకు అప్పజెప్పింది. పొంగిపోయాం. పాత కాగితం ఫారం ముందు పెట్టుకుని గడులన్నీ దించేశాం. పేరు, భర్త పేరు, ఊరు, సంఘం పేరు, ఫోన్. ఖాళీలు వదిలేస్తారని అన్నింటికీ రిక్వైర్డ్ అని పెట్టాం. ఒక్క మాట, అంతే. ఆ మాట ఉన్న గడి నింపకపోతే ఫారం కదలదు. 'ఈ గడి నింపండి' అంటూ అక్కడే ఆపేస్తుంది.

ఫారం గ్రూపుల్లో పెట్టాం. ముప్పై సీట్లు నాలుగు రోజుల్లో నిండాయి. జాబితా మీటింగులో చదువుతుంటే ఒక పేరు దగ్గర 'భర్త పేరు: లేడు' అని వచ్చింది. చదివిన మేమే ఆగిపోయాం. పక్కనున్నవాళ్ళు ఆమె వైపు చూశారు. ఆమె లేచి ఒక్క మాటే అంది: "ఆయన ఉన్నాడు. నాతో లేడు. అది రాస్తే గానీ మీ ఫారం నన్ను పోనివ్వలేదు. కుట్టుపని నేర్చుకోవడానికి ఆయనతో పనేంటమ్మా?"

మా దగ్గర జవాబు లేదు. శిక్షణ ఇచ్చేవాళ్ళను అడిగాం. వాళ్ళకు ఆ వివరం అక్కర్లేదన్నారు. పాత కాగితంలో ఉంది కాబట్టి మేం పెట్టాం. పాత కాగితంలో ఎందుకు ఉందో ఎవరికీ తెలియదు.

అంతటితో అయిపోలేదు. తర్వాత రెండు వారాలకు వేరే ఊరి సంఘంలో ఒకామె సంగతి తెలిసింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ శిక్షణ కోసం ఏడాదిగా ఎదురు చూస్తోందట. ఫారం తెరిచి, ఆ గడి దగ్గర ఆగి, మూసేసింది. 'లేడు' అని రాయడానికి ఆమెకు మనసొప్పలేదు. అబద్ధం రాయడానికీ ఒప్పలేదు. ఎవరినీ అడగలేదు. ఆమెకు దక్కాల్సిన సీటు పోయింది. మేం ఆమె ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాం. మంచినీళ్ళిచ్చింది, "పోన్లెండి" అంది. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో ఇంకా ఖరారు కాలేదు. ఆమె ఇంకా ఎదురు చూస్తూనే ఉంది.

అక్కలారా, కాగితం ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలేసినా, రాసుకునే మనిషి తీసుకునేది. బతిమాలుకునే వీలుండేది. మేం చేసిన ఫారంలో ఆ వీలు కూడా తీసేశాం. ఆఫీసుల్లో ఫారాలు మనల్ని ఎలా తిప్పి పంపుతాయో ఎన్నిసార్లు చెప్పుకుని తిట్టుకున్నాం? పెన్ను మన చేతికొచ్చిన మొదటిసారే మనమూ అదే గీత గీశాం.

మేం అడిగేది

ఆ తర్వాత నుంచి ప్రతి గడికీ నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాం. ఈ గడి ఎందుకు? ఇందులో రాసింది ఎవరు చూస్తారు? దీనికి జవాబు లేనివాళ్ళు మనలో ఎవరు? తప్పు పడితే ఎవరికి చెప్పి దిద్దించుకోవాలి? మొదటి ప్రశ్నకే జవాబు రాకపోతే గడి తీసేస్తున్నాం. ఇప్పుడు మా శిక్షణ ఫారంలో నాలుగే గడులు. పేరు, సంఘం, ఊరు, ఫోన్. తప్పనిసరి అన్న గుర్తు పేరుకు, సంఘానికి మాత్రమే. సొంత ఫోన్ లేనివాళ్ళకు 'యానిమేటర్ ద్వారా కబురు చేయండి' అని ఒక టిక్కు గడి. కింద తెలుగులో ఒక లైను: 'ఏ గడి దగ్గరైనా ఆగిపోతే ఆఫీసుకు రండి, పేరు చేత్తో రాసుకుంటాం.' ఫారం బయట పెట్టే ముందు పదిమందికి ఇచ్చి చూస్తాం. ఆ పదిమందిలో ఒంటరి మహిళ ఒకరు, చదువు రానివాళ్ళు ఒకరు, చూపు తక్కువున్నవాళ్ళు ఒకరు తప్పకుండా ఉంటారు.

మన పంచసూత్రాల్లో పుస్తకాలు సక్రమంగా రాయడం ఒకటి. ఫారం కూడా పుస్తకం లాంటిదే. అందులో ఏ గడి ఉండాలో కూడా మనమే కూర్చుని తేల్చుకోవాలని మా మనవి. అందుకే ఈ సర్వసభ్య సమావేశాన్ని రెండు తీర్మానాలు చేయమని కోరుతున్నాం. మొదటిది, మన సమాఖ్య తయారు చేసే ఏ ఫారంలోనైనా, కాగితం అయినా ఫోన్ అయినా, చట్టం ప్రకారమో బ్యాంకు నిబంధన ప్రకారమో కావాల్సి వస్తే తప్ప భర్త పేరు తప్పనిసరి చేయకూడదు. రెండోది, మా తప్పు వల్ల సీటు పోయిన ఆమెకు తర్వాతి బ్యాచ్‌లో మొదటి సీటు ఇవ్వాలి.

నేర్చుకోవాలనుకునే వాళ్ళు ఆదివారం మూడు గంటలకు ఆఫీసుకు రండి. ఫీజు లేదు. ఒక నోటు పుస్తకం, పెన్ను చాలు. మొదటి రోజు కంప్యూటరు ముట్టుకోనివ్వం. ఇంట్లో ఉన్న ఏదో ఒక పాత ఫారం తెచ్చుకోండి. ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, ఇది ఎందుకు అని అడుగుదాం. అక్కడి నుంచే మొదలుపెడదాం.

తీర్మానాల పుస్తకం కార్యదర్శి గారి దగ్గర తెరిచే ఉంది.